అణా స్టాంపు మీద సగం వేలు

మా అమ్మకు ఫోటో లేదు. అందుకని నేను డెబ్బై దాటిన వయసులో, మోకాళ్ల నొప్పులతో, సూళ్లూరుపేటలో పొద్దున ఆరున్నర లోకల్ ఎక్కి మద్రాసు వెళ్లాల్సి వచ్చింది. ఆ రెండింటికీ సంబంధమేమిటో చెప్తాను. చెప్పేది నేను, రాసేది నా మనవరాలు హారిక. మధ్యలో తను ఏమైనా చేరిస్తే నా పూచీ లేదు.

పాత రసీదులు, ప్రాంసరీ నోట్లు, వర్తకుల హుండీ పత్రాలు, జీతం ముట్టినట్టు ఇచ్చిన చీటీలు పోగుచేసేవాళ్లు దేశంలో చాలామంది ఉన్నారట. వాళ్లకు కావలసింది వాటి మీది రెవెన్యూ స్టాంపు. నాకు కావలసింది స్టాంపు మీది వేలు. పైకం పుచ్చుకున్నవాళ్ల సంతకం సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడాలి కదా. చదువు రానివాళ్లు అదే చోట బొటనవేలు ఒత్తేవాళ్లు. మా ఆయన పోయాక, ఆయన బట్టల కొట్టులోని పాత రసీదులు కాల్చేద్దామని అటక మీద నుంచి దించి, ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాను. అక్షరాలన్నీ గుమాస్తావి. ఆ వేలు మాత్రం మనిషిది. కాల్చలేకపోయాను. అప్పటినుంచీ పాత కాగితాల కొట్లు తిరిగి, ఆడవాళ్ల వేలిముద్రలున్నవి తెచ్చి దాచుకుంటున్నాను. మా తోటికోడలైతే మా ఇంట్లో మంచినీళ్లు కూడా తాగడం మానేసింది. "పోయినోళ్ల యేళ్లన్నీ బీరువాలో పెట్టుకోనుంది, ఒకనాడు అయ్యే దీని గొంతు పట్టుకుంటాయి" అని వీధంతా చెప్పింది.

మా అమ్మ పేరు కోటమ్మ. తొండియార్‌పేటలో గోనెసంచులు కుట్టే కంపెనీలో పని చేసేది. అక్కడి నుంచి సంచులు రేవుకు పోయేవి. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ పోయింది. పిన్నమ్మ నన్ను సూళ్లూరుపేట తెచ్చి పెంచింది. అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. ఎడమచేతి బొటనవేలు గుర్తుంది. ఒకసారి దబ్బనం ఆ వేలి కొసలో దిగి అవతలికి వచ్చిందట. మానిన తర్వాత అక్కడ కందిపప్పంత మచ్చ మిగిలింది, గీతలు లేకుండా నున్నగా. దాని పక్కన గోరు వైపుకు ఒక వంకర గీత. ఆ వేలు పట్టుకునే నేను నిద్రపోయేదాన్ని. అందుకని నాకు ఆ మచ్చ కళ్లకంటే చేతికి ఎక్కువ తెలుసు.

ఇన్నేళ్లుగా నేను కాగితాలు వెతికింది ఆ మచ్చ కోసమే. పైకి ఎవరికీ చెప్పలేదు, హారికకు తప్ప.

పోయిన నెల ఈ పిల్ల ఫోనులో ఒక ఫోటో చూపించింది. తిరువొత్తియూరులో దామోదరం అనే ఆయన పాత స్టాంపులు అమ్ముతున్నాడు. ఆ ఫోటోలో స్టాంపు వెనకాల కాగితం కొంచెం కనిపిస్తోంది. దాని మీద గోనెసంచీ, దాని మీద అడ్డంగా దబ్బనం ఉన్న ముద్ర. అదే బొమ్మ అమ్మ టోకెన్ బిళ్ల మీద ఉండేది, నేను దాంతో ఆడుకునేదాన్ని. ఫోను చేయించాను.

"శానా వరకు తడిపేసినా అక్కా" అన్నాడాయన. "రెండు కట్టలే మిగిలుండాయి. కొనేటాయన గురువారం సాయంత్రం వస్తాడు. ఆ లోపల వస్తే చూసుకోవచ్చు."

తడపడమంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్తాను. స్టాంపులు కొనేవాళ్లలో చాలామందికి కాగితం అక్కర్లేదు. కాగితాన్ని గోరువెచ్చటి నీళ్లలో వేస్తే బంక కరిగి స్టాంపు ఊడి పైకి తేలుతుంది. స్టాంపు అమ్ముకుంటారు, కాగితం చిత్తుకింద పారేస్తారు. స్టాంపుతో పాటు వేలు కూడా రెండు ముక్కలవుతుంది. కొస స్టాంపు మీద పోతుంది. మిగతాది పేరుతో పాటు కాగితం మీద ఉండిపోతుంది.

గురువారం పొద్దున్నే బయలుదేరాం. టికెట్ మనిషికి ఇరవై రూపాయలు. ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్కనే చోటు దొరికింది. ఆరంబాక్కంలో పీతల బుట్టతో ఒకామె ఎక్కి నా కాళ్ల దగ్గర కూర్చుంది. పీతలు బుట్టలో గీరుతున్నాయి.

"ఆస్పత్రికా అవ్వా?" అంది. నా వయసు వాళ్లు మద్రాసు రైలెక్కితే ఇంకేమీ అడగరు.

"కాదమ్మా, ఒక వేలు చూడను పోతా ఉండాం."

"యేలుకి కూడా మద్రాసేనా? మా ఊళ్లో కాంపౌండరు సూది యేస్తే చెయ్యి చెయ్యే బాగయిపోద్ది."

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. పొన్నేరి దాటేదాకా పీతలు ఎట్లా కడగాలో చెప్పి, మీంజూరులో దిగిపోయింది. ఎన్నూరు దగ్గర పొగగొట్టాలు, బూడిద రంగు నీళ్లు. ఎనిమిది నలభైకి తిరువొత్తియూరులో దిగాం. స్టేషను బయట చిన్న హోటల్లో ఇడ్లీలు బాగున్నాయి, సాంబారు అడిగినంత పోస్తారు. వెళ్లేవాళ్లు అక్కడే తినండి, లోపలికి వెళ్తే ఏమీ దొరకదు.

ఆటో అబ్బాయి పేరు డేవిడ్. మా మాట విని తెలుగులోకి దిగాడు. వాళ్ల తాతలు ఒంగోలు వైపు నుంచి రేవు పనికి వచ్చారట. దారిలో మేము గోనెల కంపెనీ మాట అనుకుంటుంటే అద్దంలో నుంచి చూశాడు.

"ఆ కంపెనీనా అవ్వా? మా జేజి ఆడనే కుట్టింది. తొండియార్‌పేటలో ఉండాది ఇప్పుడు. ఆ కంపెనీ పేరెత్తితే చెయ్యి కొంగులో దాచుకుంటాది."

"ఎందుకు నాయనా?"

"ఎవురికి తెలుసు. సుమ్మా, ఊరికే అడిగినా తిడతాది."

హారిక అతని నంబరు తీసుకుంది.

దామోదరం ఇల్లు సముద్రం పక్క వీధిలో. ఉప్పుగాలి గేటును సగం తినేసింది, పట్టుకుంటే అరచేతికి తుప్పు అంటుకుంది. ఆయన లారీ ఆఫీసులో పని చేసి మానేసిన మనిషి, అరవై ఉంటాయి, మర్యాదస్తుడు. ఈ కాగితాలన్నీ ఆయన మామగారు పోగుచేసినవి. మామగారు కాగితం మొత్తంగానే దాచేవాడట, చెదలు పడుతున్నా ముట్టనిచ్చేవాడు కాదట. ఆయన పోయాక అల్లుడు తడపడం మొదలుపెట్టాడు. దామోదరం భార్య ఇందిర కాఫీ ఇచ్చి, మేడ మెట్ల దగ్గర ఆగిపోయింది.

"నేను ఆ రూముకి రాను పెద్దమ్మా" అంది. "అంతమంది యేళ్లు పైన ఉంటే ఈడ నాకు అన్నం దిగదు."

"ఆయమ్మకి అన్నీ భయమే" అన్నాడు దామోదరం మెట్లెక్కుతూ.

గది తలుపు తీయగానే తడి కాగితం వాసన కొట్టింది. గాలికి స్టాంపులు ఎగరకుండా కిటికీలు మూసి ఉన్నాయి. నేల మీద వరసగా ఎనామెల్ పళ్లేలు, వాటిలో నీళ్లు. కాగితాలు అడుగున ఉన్నాయి. పైన స్టాంపులు తేలుతున్నాయి. ఒక్కో అణా స్టాంపు మీద మూడు సింహాలు, సింహాల మీద ఊదారంగు వేలి కొస. ఏ పళ్లెంలో చూసినా వేలి కొసలే, నీళ్లలో నుంచి పైకి చూస్తున్నట్టు. గోడకు ఒకవైపు తెల్లటి టైల్సు ఉన్నాయి. తడి స్టాంపులు వాటికి అంటించి ఆరబెడతాడట. ఆరాక తీసేసినా సిరా మరకలు పోలేదు. గది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, నా నడుమెత్తున, తిరగబడిన వేలి కొసలు వరసగా ఉన్నాయి.

నేను ఒక పళ్లెం దగ్గర కూర్చుని చూస్తున్నాను. అందులో స్టాంపులు మెల్లగా కదిలి నా వైపు అంచుకు వచ్చి చేరాయి. నేల అటు వాలు అన్నాడు దామోదరం. మోకాలు మడవడానికి వీలుగా ఉంటుందని నేను లేచి పళ్లేనికి అవతల వైపు కూర్చున్నాను. కొంచెంసేపటికి అవి అటు వచ్చాయి. ఫ్యాను గాలికేమోనని హారిక అంటోంది ఇప్పుడు. ఫ్యాను వేయలేదు. వేయలేదని రాయి.

మిగిలిన రెండు కట్టలు ఆయన నా ఒళ్లో పెట్టాడు. వేరువేరు నెలలవి, చెదలు తిన్నంత తినగా మిగిలినవి. పేరు గుమాస్తా రాశాడు, కింద స్టాంపు, దాని మీద వేలు. అన్ని ముద్రలూ ఒకేలా పడ్డాయి, కొస స్టాంపు మీద, మిగతాది కాగితం మీద, ఒకే వాలుగా. ఇంతమంది ఆడవాళ్లు ఒకేలా ఎట్లా పెట్టారో అనుకున్నాను. హారిక ఫోను లైటు పట్టుకుంది, నేను భూతద్దంతో చూస్తూ పోయాను.

మచ్చ కనిపించింది. కందిపప్పంత తెల్లటి ఖాళీ, పక్కన వంకర గీత. నా చెయ్యి దానంతట అదే దాని మీదకు పోయింది. పేరు చూశాను. పోలమ్మ.

"కోటమ్మ కాదు అమ్మమ్మా" అంది హారిక. "దబ్బనం అందరికీ గుచ్చుకుని ఉంటుంది కదా."

సరేనని పక్కన పెట్టాను. ఇంకొంచెం పోయాక మళ్లీ అదే మచ్చ, అదే గీత. పేరు నాగమ్మ. తర్వాత మళ్లీ. పేరు పెంటమ్మ. మూడింటినీ పక్కపక్కన పెట్టి లైటు వేశాం. ఒకటే వేలు. మూడు పేర్లు. నాకు మెడ మీద చల్లగా అనిపించింది, కిటికీలు మూసి ఉన్నా.

రెండో కట్ట అడుగున కోటమ్మ దొరికింది. ఇంటిపేరు, టోకెన్ నంబరుతో సహా అమ్మదే. ఆ నంబరు నాకు ఇప్పటికీ నోటికొచ్చు. కింద వేలు చూశాను. వెడల్పు వేలు, మగవాళ్లకున్నట్టు. గీతలన్నీ నిండుగా ఉన్నాయి. మచ్చ లేదు.

అప్పుడు నాకు వేసిన భయం చెప్తే నవ్వుతారు. నేను పట్టుకుని పడుకున్న వేలు కోటమ్మది కాదా? కోటమ్మ వేలు ఇదైతే, నన్ను ఒళ్లో వేసుకున్న మనిషి ఎవరు? పోలమ్మా, నాగమ్మా, పెంటమ్మా? ముఖం గుర్తులేని దానికి నాకు మిగిలింది ఆ వేలు ఒక్కటే. ఇప్పుడు దానికి పేరు కూడా లేకుండా పోయింది.

నాలుగు కాగితాలూ తీసి, ఒక కంచం కింద పెట్టి, "ఇయ్యి నాకు ఉంచు అబ్బయ్యా" అన్నాను.

"అన్నీ ఇవ్వలేనక్కా" అన్నాడాయన నొచ్చుకుంటూ. "కొనేటాయనకి స్టాంపులు ఇన్నని చెప్పేసినా. ఒక్కటైతే చిరిగిందని చెప్పుకుంటా. యేది కావాలో చూసుకోండి."

ఏది కావాలో నాకు తెలియదు. ఆ సంగతే ఆయనకు చెప్పాను. ఇందిర కింద అన్నం పెట్టింది, మునక్కాయ పులుసు, అప్పడాలు. తిన్నాననే గుర్తు. ఒకటిన్నరకు హారిక డేవిడ్‌కు ఫోను చేసింది.

డేవిడ్ జేజి, అంటే వాళ్ల నాయనమ్మ, మరియమ్మ తొండియార్‌పేటలో హౌసింగ్ బోర్డు ఇళ్లలో కింది వాటాలో ఉంటుంది. ఎనభై అయిదు దాటి ఉంటాయి. చూపు లేదు. మంచం మీద కూర్చుని ఉంది, రెండు చేతులూ కొంగులో ఉన్నాయి. డేవిడ్ మా సంగతి చెప్పి బయట నిలబడ్డాడు. నేను గోనెల కంపెనీ కోటమ్మ కూతుర్ని అన్నాను.

"దబ్బనం కోటమ్మా?" అంది. "రా, చెయ్యి ఇయ్యి."

ఇచ్చాను. నా బొటనవేలు కొస నుంచి మొదలు దాకా తడిమి వదిలేసింది.

"నీది నున్నగుండాది. మీ యమ్మది ఈడ గుంట ఉండేది."

నాకు గుండె కొంచెం కుదుటపడింది. హారిక నాలుగు పేర్లూ, వాటి మీది వేళ్ల సంగతీ చెప్పింది. మరియమ్మ మంచం పక్క కిటికీ చూపించింది.

"నువ్వు బయటికి పోయి ఆడ నిలబడు. కంత కాడ చెయ్యి లోపలికి పెట్టు. మొగం కనపడకూడదు."

కిటికీకి అట్ట కట్టి ఉంది, కింద జానెడు ఖాళీ. నేను బయట వంగి ఆ ఖాళీలో నుంచి చెయ్యి లోపలికి పెట్టాను. లోపల ఏమీ కనపడదు. ఒక చల్లటి చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. బొటనవేలు విడదీసి, అటూ ఇటూ తిప్పి, కిటికీ చెక్క మీద ఒత్తింది. వాలుగా, సగం ఇటు, సగం అటు. పొద్దున నేను చూసిన వాలే. వెనక్కి తీసుకుందామంటే వదల్లేదు.

"ఇట్టా" అంది గోడ అవతల నుంచి. "గోడకి నడుమెత్తున కంత. గుమాస్తా లోపల. ఆడోళ్లు కంపెనీ ఆఫీసులోకి పోకూడదు. పేరు పిలస్తాడు, చెయ్యి పెట్టాల. ఆయన పట్టుకుని సిరాలో ముంచి స్టాంపు మీద ఒత్తుకుంటాడు. పైకం అరచేతిలో పెడతాడు. మొగం చూసేది లే. ఆయనకి మేమందరం చేతులే."

అప్పుడు వదిలింది. నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. ఆమె చెప్పింది విన్నాను.

పని గోనెల లెక్క. నెలాఖరుకు కుట్టిన కుప్ప చూపించి, చెయ్యి పెట్టి పైకం తీసుకోవాలి. ఎవరైనా జ్వరమని, పురుడని రాకపోతే పేరు కొట్టేస్తారు, మళ్లీ పనిలోకి తీసుకోరు. అందుకని రాలేని మనిషి కుప్పను మిగతావాళ్లు పంచుకుని కుట్టేవాళ్లు. చెయ్యి ఎవరో ఒకరు పెట్టేవాళ్లు.

"అందరికీ భయమే. మీ యమ్మకి లేదు. పోలమ్మకి కామెర్లు వస్తే మీ యమ్మ చెయ్యే. నాగమ్మకి కాలు ఇరిగితే మీ యమ్మ చెయ్యే. దొరికితే ఏంది కత అంటే, 'చేతికి పేరు యాడ రాసుండాదే' అనేది."

"మరి కోటమ్మ పేరు మీదున్న ఆ పెద్ద వేలు?"

"అది ఏ నెల కాయితం?"

హారిక ఫోనులో తీసిన ఫోటో చూసి నెల, సంవత్సరం చదివింది. నవంబరు. మా పిన్నమ్మ చెప్పేది, నేను కార్తీకంలో వానలప్పుడు పుట్టానని. సంవత్సరం నాకు తెలుసు.

"ఇంకేంది, నీ పురుడే" అంది మరియమ్మ. "ఆ నెల పెంటమ్మ పెట్టింది. పెంటమ్మకి మొగోడి మాదిరి చెయ్యి. మేమందరం కుట్టినాము మీ యమ్మ కుప్ప. నేను అప్పుడు చిన్నదాన్ని, దారం అందించేదాన్ని. నీకు మొదటి గుడ్డ ఆ పైకంతోనే కొనింది."

చేతులు మళ్లీ కొంగులో దాచుకుని ఆమే చెప్పింది:

"పెంటమ్మ మరుసటేడు చచ్చిపోయింది. పిల్లకాయలు ఇద్దరు, మొగుడు లేడు. చచ్చిందని కంపెనీకి చెప్పలేదు. మీ యమ్మ రెండు కుప్పలు కుట్టేది. నెలాఖరుకి గుమాస్తా 'పెంటమ్మ' అని పిలస్తాడు, చెయ్యి పోయ్యేది. ఆరు నెల్లు. ఒకనాడు ఎవురో చెప్పినారు ఆయనకి, పెంటమ్మ పోయి శానా నాళ్లయిందే అని. ఆయన నవ్వినాడంట. మొన్ననే కదా చెయ్యి పట్టుకుంటిని అని."

"తర్వాత?"

"ఆ నెలాఖరుకి నేను మీ యమ్మ ఎనకాలే ఉండా. ఆయన పిలిచినాడు, పెంటమ్మ అని. గొంతు సన్నంగా వచ్చింది. మీ యమ్మ చెయ్యి పెట్టింది. లోపల సద్దు లే. శానాసేపు చెయ్యి అట్లనే ఉండాది కంతలో. పట్టుకోలేదు ఆయన. అప్పురం, తరవాతెప్పుడో, పైకం అరచేతిలో పెట్టినాడు, యేలు తగలకుండా. ముద్ర యేసుకోలే. ఆ పొద్దు ఇంటికి పోయినోడు మళ్లా ఆ కుర్చీలో కూసోలేదు. ఇంకో గుమాస్తా వచ్చినాడు, కంత మూసేసి మేజా బయట యేయించినాడు."

"అమ్మ ఏమందీ?"

"చెయ్యి ఎనక్కి తీసుకుని చూసుకునింది. 'చల్లగా అయిపోయిందే మరియా' అనింది. అంతే. మర్నాడు కూడా పైకం ఇచ్చినారు, కంత ఇంకా మూయలే, నన్ను పెట్టమన్నారు ఎవురికో. నేను కంతలో చెయ్యి పెట్టంగానే, లోపల పట్టుకున్న చెయ్యి గుమాస్తాది మాదిరి లేదు. ఎవురిదో నేను చెప్పను. అది మొదలు నేను ఎవురికీ పెట్టలే."

ఆమె ఇంక మాట్లాడనంది. మేము లేచాం. గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి అడిగింది, పెంటమ్మ యేలు ఇంకా యాడన్నా ఉండాదా అని. ఒక కాగితం మీద ఉందన్నాను. తల ఊపింది.

ఆటోలో తిరిగి వస్తుంటే నా మనసు తేలిగ్గానే ఉంది. నన్ను ఒళ్లో వేసుకున్నది కోటమ్మే. మూడు కాగితాల మీద ఉన్నది మా అమ్మ వేలే. ఒకటి తెచ్చుకోవచ్చు. పోలమ్మదా, నాగమ్మదా, పెంటమ్మదా అని హారిక నేనూ వాదించుకుంటూ మూడున్నరకు దామోదరం ఇంటికి చేరాం.

ఆయన మేడ మీద నుంచే పిలిచాడు. సంతోషంగా ఉన్నాడు.

"మీకు శ్రమ లేకుండా మీయే ముందు తడిపినా అక్కా. స్టాంపు అంచుకి ఒక్క పల్లు కూడా ఇరగలే, చూడండి."

కంచం కింద ఏమీ లేదు. గాజు పలక మీద నాలుగు స్టాంపులు వరసగా పరిచి ఉన్నాయి. పైన తాడుకు నాలుగు కాగితాలు బట్టల క్లిప్పులతో వేలాడుతున్నాయి, స్టాంపు ఉన్న చోట లేత రంగు చదరంతో. నీళ్లు కారుతున్నాయి. ఒక్కో చదరం కింద సగం వేలు, కొస లేకుండా.

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ మరకల గోడకే, చూసుకోలేదు.

"అమ్మమ్మ కాగితంతో సహా కావాలనుకుందండీ" అంది హారిక.

దామోదరం తాడు మీది కాగితాల వైపు తిరిగాడు. "కాయితమా? కాయితం ఎవురికమ్మా కావాల? అందరూ స్టాంపే కదా అడిగేది." నా ముందు కింద కూర్చున్నాడు. "అక్కా, నాకు తెలీలే. కాయితాలు అన్నీ తీసుకుపోండి. స్టాంపు మాత్రం ఒక్కటే ఇయ్యగలను. జత చూసి అతికించి ఇస్తా, నాకు తెలుసు ఆ పని."

మంచివాడే. గది చీకటిగా ఉంది, కిటికీ తీయమన్నాను. తీశాడు. సముద్రం గాలి లోపలికి వచ్చింది. తాడు మీది కాగితాలు ఊగాయి, స్టాంపులు మాత్రం గాజు మీద నుంచి కదల్లేదు.

మచ్చ ఉన్న స్టాంపు ఒకటి వేలి కొసతో పైకి తీశాను. తడిగా, చర్మంలా ఉంది. పెంటమ్మ కాగితం దించి, చదరంలో పెట్టి చూశాను. గీతకు గీత కలిసింది. అమ్మ వేలు పూర్తిగా కనిపించింది. జీవితంలో మొదటిసారి. పక్కన పెంటమ్మ అని రాసి ఉంది.

అది తెచ్చుకోవచ్చు. అదే సరైన జత. నేను వచ్చిందీ దానికోసమే. చాలాసేపు చూశాను. తర్వాత ఆ స్టాంపును మళ్లీ తీసి, కోటమ్మ కాగితం దించమని హారికకు చెప్పాను. ఆ కాగితం మీద అమ్మ పేరు ఉంది. చదరం కింద మిగిలి ఉన్నది పెంటమ్మ వేలి మొదలు, నేను పుట్టిన నెల కంతలోకి వెళ్లిన చెయ్యి. ఆ చదరంలో అమ్మ వేలి కొస పెట్టాను.

"అది జత కాదక్కా" అన్నాడు దామోదరం. "గీతలు కలవ్వు. తెలిసినోళ్లు చూస్తే దొంగ కాయితం అంటారు."

"నేను అమ్ముకోను కదా అబ్బయ్యా."

"కాదక్కా, సరైన జత ఈడే ఉండాది. ఎందుకు తప్పుది?"

పై సగం సన్నం, కింది సగం వెడల్పు. మధ్యలో గీతలు ఎక్కడివక్కడ తెగిపోయాయి. అయినా కొంచెం దూరం నుంచి చూస్తే అది ఒక వేలే. ఎవరిదని అడిగితే మాత్రం ఒక పేరు చెప్పలేం.

"ఇదే ఇయ్యి" అన్నాను. ఆయన అతికించబోతే వద్దన్నాను. జిగురు వేస్తే సిరా పాకుతుందేమోనని భయం. కాగితం మీద స్టాంపును ఊరికే పెట్టి, పైన ఒక అట్ట, కింద ఒక అట్ట పెట్టి దారం కట్టించాను. మిగతా మూడు కాగితాలూ వేరే కవరులో పెట్టాడు. ఇందిర కింద నాకు ఒక చెంబుతో నీళ్లు ఇచ్చి చేతులు కడుక్కోమంది. నేను కడుక్కోలేదు. ఆమె ఏమీ అనుకోలేదు, గేటు దాకా వచ్చింది.

అయిదు గంటల ఇరవైకి సూళ్లూరుపేట లోకల్. కూర్చోవాలంటే ముందే వెళ్లాలి, ఆ వేళప్పుడు కంపెనీల జనం ఎక్కుతారు. మాకు ఒక్క సీటే దొరికింది. హారిక నిలబడింది, అట్టల కట్ట నా ఒళ్లో. ఎన్నూరు దాటాక ఎదురుగా ఉన్న పూలమ్మే ఆమె, మిగిలిన మూర కట్టుకుంటూ, ఏముందమ్మా అందులో అనడిగింది. దారం విప్పకుండా పై అట్ట ఒక పక్క ఎత్తి చూపించాను.

"ఎవురి యేలు?"

"మా అమ్మది" అన్నాను. తర్వాత, "ఇంకొకామెది కూడా" అన్నాను.

ఆమె వంగి చూసింది. "ఒక్కటే కదా ఉండాది" అంది.

పాత కాగితాలకోసం మద్రాసు వెళ్లేవాళ్లకు నేను తెలుసుకున్నది చెప్తాను. కాగితం మీది పేరును మరీ నమ్మకండి. స్టాంపు ఒక్కటే కొనుక్కుని తృప్తిపడకండి. తడిపే ఇల్లైతే ముందు రోజే వెళ్లండి. వేలిముద్ర మీద మీ వేలు పెట్టకండి, పెట్టాలనిపిస్తుంది. నేను పెట్టాను.

గుమ్మిడిపూండిలో పెట్టె ఖాళీ అయింది. హారిక నా పక్కన కూర్చుంది. గీతలు కలవని సంగతి ఇంకా ఆమె మనసులో తిరుగుతోంది. ఇంటికి వెళ్లాక ఆ స్టాంపు తీసి పెంటమ్మ కాగితం మీద పెట్టుకుందాం అమ్మమ్మా, సరైన జత మన దగ్గరే ఉంది కదా, రెండు రకాలుగానూ చూసుకోవచ్చు అంది. నిజమే అనిపించింది. దారం విప్పి పై అట్ట తీశాను. కాగితం ఆరిపోయింది. స్టాంపు అంచు కింద గోరు పెట్టి లేపబోయాను.

రాలేదు. నాలుగు వైపులా చూశాను, ఎక్కడా సందు లేదు. మేమెవ్వరం జిగురు పెట్టలేదు.